నాన్న ఉన్న జైలు

పాత జైలు, డాక్టరు క్వార్టర్సు
వానలు మొదలైన వారం

నాన్నా,

ముందు ఈ ఉత్తరం కూర్చుని చదువు. చేతిలో కత్తెర పట్టుకుని, మెడలో టేపు వేసుకుని, గిరాకీతో మాట్లాడుతూ చదవకు. అమ్మకి వినిపించాలా వద్దా అన్నది చదివాక నువ్వే తేల్చుకో.

నన్ను కొండ దగ్గర ఊరి ఆసుపత్రికి బదిలీ చేశారని చెప్పాను కదా. కొండ నిజమే, ఊరూ నిజమే. ఆసుపత్రి మాత్రం కాదు. యుద్ధంలో పట్టుబడ్డ అవతలి దేశం సైనికుల్ని ఉంచడానికి చోటు చాలక, ఎప్పుడో మూతపడ్డ జైలొకటి తెరిచారు. దానికి నేను డాక్టర్ని. ఏ జైలో నీకు అర్థమయ్యే ఉంటుంది. దొరల కాలంలో రైల్వే కార్ఖానాలో సమ్మె చేశావని నిన్ను పెట్టిన జైలే.

వచ్చినప్పటి నుంచీ రాద్దామని కాగితం తీయడం, "ఇక్కడ అంతా క్షేమం" అని రాసి కవరు అంటించడం. ఇక నా వల్ల కాలేదు. కోపం వస్తే తిట్టు. జవాబు రాయడం మాత్రం మానకు.

మధ్యలో బురుజు, దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు బారకులు. ముందు గోడ మీద దొరల పేరు చెక్కిన రాయి ఉండేదట. స్వతంత్రం వచ్చిన రోజున ఎవరో ఉలితో గీకేశారు. అక్షరాలు పోయాయి, గీతలు మిగిలాయి. ఆ తర్వాత కొన్నాళ్లు దొంగల్ని పెట్టారు. తర్వాత ధాన్యం గోదాము చేశారు. ఇప్పటికీ గోడ నెర్రెల్లోంచి వడ్ల గింజలు రాలుతుంటాయి. అందుకని ఇక్కడ పిచ్చుకలు ఎక్కువ. నువ్వు పెట్టిన పేరుకి తగ్గ చోటికే వచ్చాను.

ఖైదీల్ని చూసి మొదటిరోజు భయపడ్డాను. లారీల్లోంచి దిగినవాళ్ల కాళ్లు చూశాక భయం పోయింది. బూట్లలోనే నానిపోయి పుండ్లు పడ్డ కాళ్లు. ఫిరంగుల ముందు నిలబడ్డవాళ్లు నా చేతిలో సూది చూసి ఒకళ్ల వెనక ఒకళ్లు దాక్కుంటున్నారు. వాళ్లది సరిహద్దుకి అటుపక్క కాబట్టి, వాళ్ల మాటలు సగం నాకు తెలుస్తాయి. మిగతా సగం సైగలు.

సూపరింటెండెంటుగారు సైన్యంలో రిటైరైన మనిషి. అందరూ మీసాల సారు అంటారు. దొరల రోజుల చివర్లో వార్డరుగా చేరినాయన ఒకరు, ఇంటి దగ్గర ఉంటే పిలిపించారు. ఆయన్ని నేను తాళాల తాత అంటాను.

నాన్నా, నువ్వు ఇక్కడి సంగతులు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు రోజూ ఈ వరండాల్లో తిరుగుతుంటే అడగకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు ఏ గదిలో ఉండేవాడివి?

నీ పిచ్చుక


దుకాణం
నీ ఉత్తరం అందిన సాయంత్రం

పిచ్చుకా,

కూర్చునే చదివాను. మీ అమ్మకీ వినిపించాను. ఆవిడ అంతా విని "అక్కడ దోమలున్నాయా?" అని అడిగింది. దోమతెర కుట్టి పంపమని నా ప్రాణం తీస్తోంది. పార్శిలు వేస్తాను.

తిట్టడానికేముంది? జైలుకెళ్లడాన్ని లోకమంతా అత్తారింటికెళ్లడం అంటుంది. పెళ్లయిన కొత్తలో నేనూ ఓసారి సరదాగా అలాగే అన్నాను. మీ అమ్మ వారం పాటు మాట్లాడలేదు. "మా పుట్టింటివాళ్లు మీకు కటకటాల్లోంచి అన్నం పెట్టారా?" అని ఒకటే గొడవ. అది నాకు అత్తారిల్లయితే నీకు అమ్మమ్మగారిల్లు. సెలవలకి వెళ్లావనుకుంటాను.

నువ్వు చూసిన ఆ గోడలు కట్టింది దొరలు కాదమ్మా. దొరలు గొడుగు కింద నిలబడ్డారు. కొండరాయి కొట్టింది, మోసింది, పేర్చింది అంతా ఖైదీలే. తమని పెట్టబోయే గదుల్ని తామే కట్టుకున్నారు. మా రోజుల్లో ఒక తాపీమేస్త్రి కథ చెప్పుకునేవాళ్లం. ఆయన శిక్ష పూర్తయ్యేదాకా గోడ కట్టి ఇంటికెళ్లాడట. మళ్లీ ఏదో గొడవలో పట్టుకొచ్చి సరిగ్గా ఆ గోడ వెనకే పడేశారట. "తెలిసుంటే సున్నం కాస్త తక్కువ కలిపేవాణ్ణి" అని నెత్తీ నోరూ కొట్టుకునేవాడట.

నేను కార్ఖానాలో సుత్తి పట్టినవాణ్ణి. సూది పట్టింది అక్కడే. కుట్టు షెడ్డులో మాకు మేస్త్రిగా ఉన్న ముసలి ఖైదీ నా వేళ్లు చూసి "ఇవి వేళ్లా, ములక్కాడలా" అన్నాడు. ఆ ములక్కాడలతోనే ఓసారి సూపరింటెండెంటు దొరకి పంట్లాం కుట్టాను. కావాలనే ఒక కాలు వేలెడు పొట్టిగా పెట్టాను. దొర అద్దంలో చూసుకుని, తన కాలే పొడుగైందనుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు! బారకంతా నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వింది. ఏ కాలు ఎంతుందో కొలిచి చూపించమని డాక్టరు ప్రాణం తీశాడట.

ఏ గది అని అడిగావు. తూర్పు బారకు. గాలీ వెలుతురూ బాగానే ఉండేవి. ఇరుకంటావా, పక్కవాడు తుమ్మితే మొహం తుడుచుకోవాల్సింది మనమే. అంతకంటే చెప్పుకోదగ్గవేమీ లేవు.

వేళకి తిను. చన్నీళ్లతో తలస్నానం చేయకు. ఇది మీ అమ్మ చెప్పమంది.

దీవెనలతో,
నాన్న


పాత జైలు, ఆసుపత్రి గది
వానలు వెనకబడ్డాక

నాన్నా,

దోమతెర అందింది. మంచానికి సరిగ్గా సరిపోయింది. నా మంచం కొలత నీకెలా తెలిసిందో అడగను. పంట్లాం కథ తాళాల తాతకి చెప్పాను. పళ్లు లేని నోటితో కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఇప్పుడు ఇక్కడ అందరికీ నేను అలవాటైపోయాను. వాళ్లలో ఒకాయన ఊళ్లో రొట్టెల బట్టీ నడిపేవాడు. రొట్టెలాయన అంటాం. సైన్యంలోకి బలవంతంగా లాక్కెళ్లారట. వంటింట్లో వేశాక జైలు రొట్టె తినేట్టు అయింది. అంతకుముందు దాన్ని తలుపుకి అడ్డం పెట్టేవాళ్లం. పెళ్లయిన చాలా ఏళ్లకి భార్య నీళ్లోసుకుందట. యుద్ధఖైదీల ఉత్తరాలు చేరవేసేవాళ్లు తెచ్చిన కార్డులో ఆ కబురుంది. దాన్ని నాచేత పదిసార్లు చదివించాడు, నాకు ఆ లిపి రాదన్నా వినకుండా.

ఆ తర్వాత కార్డులు రావడం ఆగిపోయింది. ఆవిడకి నెలలు నిండాయని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. పోయినవారం జోరున వాన పడుతుంటే, కావలివాళ్లంతా వరండాల్లోకి చేరారని చూసి, వంటింటి వెనక గోడ ఎక్కాడు. పైదాకా వెళ్లి, జారి, లోపలికే పడ్డాడు. చీలమండ విరిగింది. ఎత్తుకొచ్చి నా బల్ల మీద పడుకోబెడితే "అమ్మా, అటు పడుంటే రెండు కాళ్లూ విరిగేవి, ఇటు పడ్డాను కాబట్టి ఒకటే" అని నవ్వబోయి ఏడ్చేశాడు. పిండికట్టు వేశాను.

ఇక అసలు సంగతి. కట్టు విప్పగానే ఆయన్ని చీకటి గదిలో పెట్టాలని మీసాల సారు ఆర్డరు. వంటింటి వెనక ఉంటాయి చూడు, కిటికీల్లేని గదులు, వెనక వరస అంటారు. ఇక్కడ ఇంకా దొరల నాటి రూల్సే నడుస్తున్నాయి. వాటి ప్రకారం, పెట్టే ముందు డాక్టరు పరీక్షించి "తట్టుకోగలడు" అని సంతకం చేయాలి. ఆ డాక్టర్ని నేనే.

సారు దుర్మార్గుడేం కాదు. "నాలుగు రోజులు ఒంటరిగా కూర్చుంటాడు, ఇంకొకడు గోడెక్కి మెడ విరగ్గొట్టుకోకుండా ఉంటాడు" అంటున్నారు. అదీ నిజమేనేమో. నాకు తేలడం లేదు. నీకు తెలిసినవాళ్లెవరైనా ఆ గదుల్లో ఉన్నారా? ఎలా ఉండేదని చెప్పేవాళ్లు? కట్టు విప్పేలోపు రాయి నాన్నా.

నీ పిచ్చుక


దుకాణం
బుధవారం

అమ్మాయీ,

ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం బాగున్నాం. వానలకి గుడ్డలు ముక్కవాసన వేస్తున్నాయి. పెళ్లిళ్ల గిరాకీ ఇంకా మొదలవలేదు.

నువ్వడిగిన వెనక వరస గురించి నాకు పెద్దగా తెలీదు. వంటింటి వెనక కదా. దూరం నుంచి చూసి ఉంటాను. చదువుకున్నదానివి, నీ పని నీకు తెలుసు. పై అధికారి మాట కూడా చూసుకోవాలి.

మిషను బెల్టు తెగింది. ఎక్కువ రాయలేకపోతున్నాను.

నాన్న


ఇల్లు
మధ్యాహ్నం, మీ నాన్న దుకాణానికెళ్లాక

బంగారూ,

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. ఎప్పుడూ మీ నాన్నే రాస్తారు, నేను పక్కన కూర్చుని చెప్తాను, ఆయన సగం మింగేస్తారు. ఈసారి ఆయన మింగిన సగం నేను రాస్తున్నాను. తప్పులుంటే సరిదిద్దుకుని చదువుకో.

మిషను బెల్టేమీ తెగలేదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన సరిగ్గా తినట్లేదు. నిన్న ఒకాయన కోటుకి కుడిచెయ్యి ఎడంవైపు కుట్టారు. మీ నాన్న! ఆ కోటాయన మళ్లీ కొలతలిస్తానంటే "వద్దు బాబూ, తప్పు నీ చేతులది కాదు" అని విప్పుకుంటూ కూర్చున్నారు.

మనింట్లో రాత్రంతా దీపం ఎందుకు పెడతామో నీకు తెలుసుగా. అమ్మకి చీకటంటే భయం. నువ్వూ మీ అత్తయ్యా కలిసి నన్ను ఎంత ఏడిపించేవాళ్లు! మీ నాయనమ్మైతే "దొంగొస్తే నా కోడలు దీపం పట్టుకుని దారి చూపిస్తుంది" అనేది. నాకు చీకటంటే ఏ భయమూ లేదే. పెళ్లయిన కొత్తలో ఓసారి దీపం ఆరిపోయింది. మెలకువొచ్చి చూస్తే మీ నాన్న గోడలు తడుముతున్నారు. తలుపు కోసమేమో అనుకున్నా. తలుపు తెరిచే ఉంది. గోడ ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్నారాయన. దీపం వెలిగించేసరికి మనిషి చెమటతో తడిసిపోయారు. మర్నాడు మా అత్తగారు నూనె దండగని కేకలేస్తే, నాకే భయమని చెప్పాను. అప్పట్నించీ నాకే భయం.

ఆ పంట్లాం కథ అందరికీ నవ్వుతూ చెప్తారు చూడు, దాని చివర ఎవరికీ చెప్పరు. ఆ డాక్టరు దొర కాళ్లు కొలిచి రెండూ సమానంగానే ఉన్నాయన్నాడు. అంటే పంట్లాందే తప్పని తేలింది. మీ నాన్నని వెనక వరసలో పెట్టారు. ఎన్నాళ్లని నేను అడగలేదు. ఆ డాక్టరే రోజూ వచ్చి, తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టించి, నాడి చూసి, "బాగానే ఉన్నాడు" అని వెళ్లేవాడట. ఇదొక్కటే చెప్పారు నాకు. ఒక్కసారే చెప్పారు.

నువ్వేం చేయాలో చెప్పడానికి రాయలేదు. ఉద్యోగం నీది, కష్టపడి చదువుకున్నావు. తెలియకుండా సంతకం పెట్టి తర్వాత తెలిస్తే నువ్వు తట్టుకోలేవని రాశాను. నేను చెప్పానని మాత్రం ఆయనతో అనకు.

అమ్మ


పాత జైలు, ఆసుపత్రి గది
చలి మొదలైంది

నాన్నా,

నీ ఉత్తరం అందింది. మిషను బెల్టు బాగు చేయించుకున్నావని తలుస్తాను.

చూడని గది గురించి సంతకం ఎలా పెడతానని, వెనక వరస చూడ్డానికి వెళ్లాను. తాళాల తాత తలుపు తీయడానికి ఒకటే నసుగుడు. "ఎందుకమ్మా, అందులో ఎలకలు కూడా కాపురం ఉండవు" అన్నాడు. లోపలికెళ్లి, తలుపు వేయమన్నాను.

"ఏం మాటలమ్మా అవి?"

"నేను కొట్టగానే తియ్యి తాతా. దూరం వెళ్లకు."

వేశాడు. కళ్లు అలవాటు పడతాయని ఆగాను. పడలేదు. చెయ్యి మొహం ముందు పెట్టుకుంటే, ఉందని తెలుస్తోంది కానీ నాదో కాదో తెలియడం లేదు. గోడ తడి. ఏం చేయాలో తోచక నా నాడి నేనే పట్టుకుని చూసుకున్నాను. మామూలుగానే కొట్టుకుంటోంది నాన్నా. నన్ను ఏ డాక్టరు చూసినా "బాగానే ఉంది" అనే రాస్తాడు. ఆ ఆలోచన రాగానే తలుపు కొట్టేశాను. బయటికొచ్చి ఎంతసేపున్నానని అడిగితే, తాత వేళ్ల మధ్య సిగరెట్టు చూపించాడు. సగం కూడా కాలలేదు.

మర్నాడు రొట్టెలాయన కట్టు విప్పాను. మీసాల సారు వచ్చారు.

"తట్టుకోగలడా?"

"మనిషి గట్టివాడే సార్. గదే పనికిరాదు."

"గదేమిటి?"

"వెలుతురు లేదు, గాలి లేదు, గోడలు చెమ్మ. ఇది గోదాముగా ఉన్నప్పుడు కూడా ఆ వరస ఖాళీగా వదిలేశారట. ధాన్యం ముక్కిపోతుందని. బస్తా పెట్టని చోట మనిషిని పెట్టచ్చని నేను రాయలేను."

"మీరు రాయాల్సింది ఆ మనిషి గురించమ్మా. గదుల గురించి మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"బావి నీళ్లు తాగద్దని రాసినప్పుడూ అడగలేదు సార్. మీరు విన్నారు. ఏది మనుషులకి పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పడానికే కదా నన్నిక్కడ పెట్టారు."

ఆయన మొహం ఎర్రబడింది. పారిపోబోయినవాణ్ణి వెనకేసుకొస్తున్నానని పైవాళ్లు అనుకుంటారన్నారు. నా ఉద్యోగానికి మంచిది కాదన్నారు. బెదిరించడానికి కాదు, నిజంగానే నాకోసం చెప్తున్నట్టు అన్నారు. అనుకోనివ్వండి సార్ అన్నాను. ఆ గదులు ఉండడానికి పనికిరావని రాసి, కింద సంతకం పెట్టి చేతికిచ్చాను.

వెళ్తూ వెళ్తూ ఆగి "ఆ గదులతో మీకేమిటమ్మా అంత?" అని అడిగారు.

ఏమీ లేదు సార్, అన్నాను.

నాన్నా, నేను ఏమీ లేదన్నాను.

నీ పిచ్చుక


దుకాణం
షట్టరు దించి, లోపల కూర్చుని

పిచ్చుకా,

ఉత్తరం వచ్చినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చేది మీ అమ్మ. ఈసారి వంటింట్లోంచి రాలేదు. నేను పైకే చదువుతున్నాను, అయినా రాలేదు. చివరి మాట చదివాక లోపలికెళ్లి చూస్తే, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. నాకర్థమైంది. ఆవిడకీ అర్థమైంది. ఆ రాత్రి దీపం పెట్టి "నాకు భయంగా ఉంది" అంది, ఎప్పటిలాగే. "నాకు తెలుసులే" అన్నాను.

నీకు చెప్పకూడదని కాదమ్మా. నువ్వు చిన్నప్పుడు నా భుజమెక్కి, నాకు భయమంటే ఏమిటో తెలీదనుకునేదానివి. ఆ భుజం దించాలనిపించలేదు.

అందులో ఉన్నన్నాళ్లూ బట్టలు కుట్టాను. నవ్వకు. గుడ్డ పరిచేవాణ్ణి, సుద్ద గీసేవాణ్ణి, కత్తిరించేవాణ్ణి, అన్నీ మనసులోనే. మా అమ్మకి రవికె, మా నాన్నకి చలికోటు. మా మేస్త్రి ఖైదీకి పట్టు చొక్కా, వద్దంటున్నా వినకుండా. కాజాలు కూడా ఒక్కోటీ కుట్టాను, హడావుడి పడలేదు. తప్పు పడితే విప్పి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. నేను మంచి టైలర్నని అందరూ అంటారే, ఆ పనితనం అక్కడ వచ్చింది. ఆ గదిని మెచ్చుకుంటున్నానని కాదు. ఉన్న సంగతి చెప్తున్నాను. బట్ట తోచని రోజులు కూడా ఉన్నాయి. వాటి గురించి నన్ను ఇంక అడగకు.

ఆ డాక్టరు చెయ్యి మెత్తగా ఉండేది. రోజు మొత్తంలో నన్ను తాకే మనిషి ఆయనొక్కడే. ఆయన రావాలని ఎదురుచూసేవాణ్ణి. ఇన్నేళ్లూ ఆయన మీద నాకు కోపం లేదు. పాపం, దొర చెప్పినట్టు చేశాడు, ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకునేవాణ్ణి. నీ ఉత్తరంలో ఆ మాట చదివాను. మనిషి గట్టివాడే, గదే పనికిరాదు అని. చదవగానే కోపమొచ్చింది పిచ్చుకా. ఆ ఒక్క ముక్క ఆయన కూడా రాసుండచ్చు కదా! రాయడానికి కలం ఉంది, చెయ్యి ఉంది. నేను దాన్ని పట్టుకునే ఉన్నాను కూడా.

కోపమొచ్చాక కడుపునిండా అన్నం తిన్నాను. మీ అమ్మ రెండోసారి వడ్డించింది.

ఉద్యోగం పోతే పోనీ. నా పక్కన ఇంకో మిషను ఖాళీగా ఉంది. నీకు కాజాలు కూడా సరిగ్గా రావు గానీ, నేర్పిస్తాను.

నాన్న


పాత జైలు, డాక్టరు క్వార్టర్సు, సగం సర్దిన సామాను మధ్య
చలి తగ్గుతోంది

నాన్నా,

నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. దాని గురించి ఉత్తరంలో రాయను. ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం, లేదా ఊరికే కూర్చుందాం.

ఉద్యోగం పోలేదు, మిషను ఖాళీగానే ఉండనీ. బదిలీ అయింది. పైవాళ్లు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను, దూరపు ఊళ్లో ఆసుపత్రికి పంపేశారు. ఈసారి నిజంగానే ఆసుపత్రి, ఒట్టు.

మీసాల సారు నా కాగితం పైకి పంపే ముందు తనే వెనక వరసకి వెళ్లారట. నాకు చెప్పలేదు, తాత చెప్పాడు. తలుపు వేయించుకున్నారట. బయటికొచ్చి జేబురుమాలుతో మొహమంతా తుడుచుకుని, వడ్రంగిని పిలవమన్నారు. సాయంత్రానికి ఆ వరసలో ఒక్క గదికీ తలుపు లేదు. రొట్టెలాయనకి శిక్ష మాత్రం తప్పలేదు. కొన్నాళ్లు ఆసుపత్రి పక్క గదిలో ఒంటరిగా ఉంచారు. ఆ గదికి కిటికీ ఉంది. అందులోంచి వంటవాళ్లని తిడుతూ రొట్టెలు చేయించాడు.

అసలు కబురు ఇప్పుడు చెప్తున్నాను. రెండు ప్రభుత్వాలకీ ఒప్పందం కుదిరింది. వీళ్లంతా ఇళ్లకి వెళ్లిపోతారు! ఆ మాట చెప్పినప్పుడు బారకుల్లో ఎవరూ అరవలేదు. తర్వాత అందరూ ఒకేసారి గడ్డాలు గీసుకోవడం మొదలుపెట్టారు.

చిక్కేమిటంటే, ఒంటి మీద గుడ్డలన్నీ చిరుగులే. తానులు వచ్చాయి. కుట్టు షెడ్డులో పాత మిషన్లకి నూనె వేశారు. కత్తిరించి ఇచ్చే మనిషి లేడు. మీసాల సారు నా దగ్గరికొచ్చి "మీ నాన్నగారు టైలరని తాత అంటున్నాడు, నిజమేనా?" అన్నారు.

"నిజమే సార్. ఇక్కడే నేర్చుకున్నారు."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "ఆ రోజు ఏమీ లేదన్నారే?"

"మా నాన్న కోసం అంటున్నానని మీరనుకుంటే, గది సంగతి వదిలేస్తారని సార్."

కుర్చీలోంచి లేస్తూ "పిలవమని అడిగే మొహం నాకు లేదు. మీరే అడిగి చూడండి" అన్నారు.

అడుగుతున్నాను. రావాలనిపించకపోతే రాకు. నేనేమీ అనుకోను, ఇక్కడా ఎవరూ అనుకోరు. వస్తే, నేను వెళ్లేలోపు ఒక పూటైనా దొరుకుతావు. అమ్మని తీసుకురా. దోమలు లేవని చెప్పు.

నీ పిచ్చుక


పాత జైలు, కుట్టు షెడ్డు
ఎండలు ముదురుతున్నాయి

పిచ్చుకా,

కొత్త ఊళ్లో కుదురుకున్నావని తలుస్తాను. స్టేషన్లో నువ్వు ఏడవలేదని గొప్పగా రాశావు. నీ రైలు కదిలాక మీ అమ్మకి నా జేబురుమాలు ఇవ్వాల్సొచ్చింది, నాకు మిగల్లేదు.

పనంతా అయిపోయింది. ఇక్కణ్ణుంచి రాసే మొదటి ఉత్తరం, ఆఖరి ఉత్తరం ఇదే. దొరల రోజుల్లో మాకు కాగితం ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు సూపరింటెండెంటుగారి బల్ల మీది కాగితం, ఆయన కలం. టీ కూడా ఆయనే పంపారు.

వీళ్లలో మిషను తొక్కడం వచ్చినవాళ్లు కొంతమంది దొరికారు. నేను కత్తిరించి పడేస్తే వాళ్లు కుట్టారు. కొలతలకి ఒక్కొక్కరూ వచ్చి చేతులు చాపి నిలబడేవాళ్లు. ఎవరికి ఎలా కావాలని అడిగాను. జైలు బట్టలన్నీ ఒకే మూస కదా, అలా కాకూడదనిపించింది. ఒకడు కాలరు పెద్దది కావాలన్నాడు, ఒకడు రెండు జేబులన్నాడు. ఒక పెద్దాయన మాత్రం కాస్త వదులుగా కుట్టమన్నాడు. ఇంటికెళ్లాక లావవుతాడట. అతని గుడ్డ రెండు వేళ్లు ఎక్కువే కత్తిరించాను.

మీ రొట్టెలాయనకి కార్డు వచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఏదో పొరపాటున ఇంకో జైలుకి వెళ్లి తిరిగొచ్చిందట ఆ కార్డు. అది పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, కాలు కొంచెం ఈడుస్తున్నాడు గానీ నడక బాగానే ఉంది. మిగిలిన పీలికల్లోంచి ఒక గౌను కుట్టిస్తావా అన్నాడు. పిల్ల ఎంతుంటుందయ్యా అంటే, ఆయనకేం తెలుసు, చూడలేదుగా. ఇంత అని చేతులు చాపాడు. అంత పెద్ద పిల్లయితే ఈపాటికి బడికెళ్తూ ఉండాలన్నాను. కుంచించాడు. పిల్లి పిల్లంత అయింది. చివరికి మీ అమ్మ వచ్చి ఇద్దర్నీ పక్కకి నెట్టి, బల్ల మీద సుద్దతో గీసి చూపించింది. పసుపుపచ్చ గుడ్డ. కుచ్చులు మీ అమ్మ కుట్టింది.

వెనక వరస వైపు నేను వెళ్లలేదు. వెళ్లమని ఎవరూ అనలేదు. మీ అమ్మ ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని, సాయంత్రం దాకా కాజాలు కుట్టింది. ఆవిడ కాజాలు నీకంటే నయం.

పొద్దున వాళ్లు వెళ్లిపోయారు. కొత్త బట్టల్లో వరసగా నిలబడితే నేనే గుర్తుపట్టలేకపోయాను, వేరే ఎవరో పెళ్లికి బయల్దేరినట్టున్నారు. పేరు పిలిచినవాడల్లా గేటు దాటి లారీ ఎక్కుతున్నాడు. రొట్టెలాయన నా దగ్గరికొచ్చి, వాళ్ల భాషలో ఏదో పొడుగ్గా, గబగబా చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. "అలాగే బాబూ, అలాగే" అన్నాను. గౌను పొట్లం చొక్కాలోపల పెట్టుకుని వెళ్లాడు. అదంతా డాక్టరమ్మకి చెప్పమన్నాడు. ఆ మాట మాత్రం సైగ చేసి మరీ చెప్పాడు.

ఆఖరి మనిషి దాటాక లారీలు కదిలాయి. తాళాల తాత అలవాటు కొద్దీ లోపలి నుంచే గేటు మూసి, గొళ్లెం వేసి, తాళం తిప్పి, వెనక్కి తిరిగాడు. నేను లోపలే ఉన్నాను.

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. జైలంతా ఖాళీ. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. తాత కంగారుపడిపోయి తాళంచెవి కోసం గుత్తంతా వెతుకుతున్నాడు. "తొందరేం లేదు తాతా, నిదానంగా తియ్యి" అన్నాను. నిజంగానే అన్నాను. నించున్న చోటే నించున్నాను. పిచ్చుకలు వడ్లు ఏరుకుంటున్నాయి.

బయట్నించి గేటు దబదబా బాదారు. మీ అమ్మ.

"ఏమండీ, మీరిక్కడే ఉండిపోతారా, నాతో వస్తారా? బస్సుకి వేళవుతోంది!"

"వస్తున్నా" అన్నాను.

నాన్న